సంతకం పెట్టే ముందు

పెరటాసి నెలలో ఒక శనివారం. గుడిలో గోవింద నామాలు అయిపోయాయి. వెనక వంటశాలలో మేము నలుగురం అరటి ఆకులు తుడుస్తున్నాము. ఒక అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, బ్యాగులో నుంచి ఒక కవరు తీసింది.

“అక్కా, స్కూలు వాళ్ళు దీని మీద సంతకం పెట్టమన్నారు. సోమవారం తిరిగి ఇవ్వాలట. పెట్టేయనా?”

నిజం చెప్పాలంటే ఆమె ఇంగ్లీషులోనే అడిగింది. డర్బన్‌లో మనమందరం అంతే కదా. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అంతే.

ఉత్తరం చదివాను. ఆమె కొడుకు గ్రేడ్ టూ చదువుతున్నాడు. ఆటిజం ఉందని హాస్పిటల్‌లో చెప్పారు. మీలో కొందరు ఆ బాబును చూసే ఉంటారు. హారతి గంట మోగగానే చెవులు మూసుకుంటాడు. అప్పుడు వాళ్ళ తాత వాడిని బయట కార్లు నిలిపే చోటికి తీసుకువెళ్తాడు. మాటలు తక్కువ. కానీ ఏ నంబరు బస్సు ఎక్కడికి పోతుందో అడగండి, తడుముకోకుండా చెబుతాడు. ఉత్తరంలో ఇవేవీ లేవు. “మీ బిడ్డ అవసరాలను మా స్కూలు తీర్చలేదు, వేరే స్కూలు చూసుకోవడానికి మీరు ఒప్పుకుంటున్నారు” అని రెండు వాక్యాలు ఉన్నాయి. కింద ఒక గీత ఉంది.

“ఇవాళ పెట్టకమ్మా,” అన్నాను. “ముందు అన్నం తిను.”

ఆ రోజు ఆమెతో మాట్లాడిన విషయాలే మీకు చెబుతాను. ఇవి ఆమె ఒక్కదానికే కాదు. మీ ఇంట్లో కాకపోతే మీ అన్న ఇంట్లో, మీ వదిన ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉండవచ్చు. నెమ్మదిగా చదివే బిడ్డ, సరిగా వినపడని బిడ్డ, ఒక్క చోట కూర్చోలేని బిడ్డ.

ముందు నా తప్పు చెప్పాలి.

1990లలో నేను కొత్తగా టీచర్ అయ్యాను. అప్పుడు గ్రేడ్ అనేవాళ్ళం కాదు, స్టాండర్డ్ అనేవాళ్ళం. నా స్టాండర్డ్ టూ క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. నోటితో లెక్క అడిగితే అందరికంటే ముందు చెయ్యి ఎత్తేవాడు. పుస్తకం ఇస్తే మాత్రం ఒక్క వాక్యం చదవడానికి చెమటలు పట్టేవి. అక్షరాలు తారుమారు చేసేవాడు. నేను రిపోర్టులో “బద్ధకం ఎక్కువ, ఇంకా కష్టపడాలి” అని రాశాను. వాళ్ళ అమ్మ బట్టల ఫ్యాక్టరీలో పని చేసేది. సగం రోజు కూలి వదులుకుని స్కూలుకు వచ్చింది. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నది. సంతకం పెట్టి వెళ్ళింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎంత మంచి తల్లి అనుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. వాడు హైస్కూలు మధ్యలోనే మానేశాడని చెప్పింది. ఇంట్లో రోజూ రాత్రి వాడిని కూర్చోబెట్టి చదివించేదట, వాడు ఏడ్చేవాడట. “ఆ సంగతి నాకు చెప్పలేదేమమ్మా?” అని అడిగాను.

“మీరు టీచర్ కదా. మీకు తెలుసనుకున్నాం,” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మన ఇళ్ళలో గురువు మాటకు ఎదురు చెప్పకూడదని పెంచుతారు. అది మంచి అలవాటే. కానీ మాట్లాడటం వేరు, ఎదిరించడం వేరు. గుడి క్లాసులో మా మాస్టారు “తరఫు” అనే మాట నేర్పించారు. ఒకరి తరఫున మాట్లాడటం అంటే, వాళ్ళు చెప్పుకోలేనిది వాళ్ళ కోసం మనం చెప్పడం. ఏడేళ్ళ బిడ్డ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి “నాకు గోల పడదు, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టండి” అని చెప్పగలడా? ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పే హక్కు మీకు ఉంది. ఇది నా సొంత అభిప్రాయం కాదు, చట్టంలో ఉన్న మాట. మన రాజ్యాంగం 29వ సెక్షన్ ప్రతి ఒక్కరికీ ప్రాథమిక విద్య హక్కు ఇచ్చింది. 2011లో మన డర్బన్‌లోని జుమా మసీదు ప్రైమరీ స్కూలు కేసులో రాజ్యాంగ న్యాయస్థానం ఈ హక్కు గురించి మాట్లాడింది. ఇది డబ్బు ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా ఇచ్చే హక్కు కాదు, వెంటనే అమలు కావాల్సిన హక్కు అని చెప్పింది. 1996 నాటి స్కూల్స్ యాక్ట్‌లో 5వ సెక్షన్ కూడా చూడండి. ప్రభుత్వ స్కూలు అన్యాయమైన వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న బిడ్డను ఎక్కడ చేర్చాలో నిర్ణయించేటప్పుడు తల్లిదండ్రుల హక్కులను, వాళ్ళ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. చేర్చుకోమంటే, ప్రాంతీయ విద్యా మంత్రికి అప్పీలు చేసుకోవచ్చు.

ఆ అమ్మాయికి ఇది చెబితే, “ఇష్టం అని రాసి ఉందా అక్కా, చట్టంలో?” అని రెండుసార్లు అడిగింది.

పాత రోజులు మీలో పెద్దవాళ్ళకు గుర్తుంటాయి. అప్పుడు స్పెషల్ స్కూళ్ళు కూడా జాతి ప్రకారం వేరువేరుగా ఉండేవి. మంచివి, ఎక్కువ డబ్బు ఉన్నవి తెల్లవాళ్ళ పిల్లలకు. మన పిల్లలకు, ఆఫ్రికన్ పిల్లలకు చోటు తక్కువ, చాలామంది ఇంట్లోనే ఉండిపోయేవారు. 2001లో ప్రభుత్వం వైట్ పేపర్ 6 అనే విధానం తెచ్చింది. బిడ్డను స్కూలుకు సరిపోయేట్టు మార్చడం కాదు, స్కూలే బిడ్డకు తగ్గట్టు మారాలి అన్నది దాని ఆలోచన. చాలా మంచి మాట. నలభై మందికి పైగా పిల్లలున్న క్లాసులో నిలబడి దాన్ని చదివితే నవ్వు కూడా వస్తుంది. అది వేరే సంగతి.

మీకు నిజంగా పనికొచ్చేది 2014లో వచ్చిన సియాస్ విధానం. దాని పూర్తి పేరు పొడుగు. బిడ్డకు ఎక్కడ ఇబ్బంది ఉందో కనిపెట్టి, ఎంత సాయం కావాలో చూసి, ఆ సాయం ఇవ్వడం దాని పని. దేశంలోని అన్ని ప్రభుత్వ స్కూళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఇందులో మూడు ఫారాలు ఉన్నాయి. ఎస్‌ఎన్‌ఏ 1 క్లాసు టీచర్ నింపాలి. బిడ్డకు ఏది కష్టం, ఏది బాగా వచ్చు, క్లాసులో ఏ మార్పులు చేసి చూశారు అని రాయాలి. అది చాలకపోతే స్కూలు సపోర్టు టీమ్ కూర్చుని ఎస్‌ఎన్‌ఏ 2 నింపుతుంది. బిడ్డకు ప్రత్యేకంగా ఒక ప్రణాళిక రాస్తారు, కొంతకాలం తర్వాత మళ్ళీ చూస్తారు. అదీ చాలకపోతే ఎస్‌ఎన్‌ఏ 3. అది జిల్లా టీమ్ పని. వేరే స్కూలు అనే మాట సాధారణంగా ఇంత దూరం వచ్చాక రావాలి. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీద నిలబడమంటే ఎలా?

అందుకే ఆమెను ఒకే ప్రశ్న అడగమన్నాను. “మా బాబు ఎస్‌ఎన్‌ఏ 1 ఫారం ఎవరు నింపారు? నాకు ఒక కాపీ ఇస్తారా?” గొంతు పెంచాల్సిన పని లేదు. టీచర్‌గా చెబుతున్నాను, ఫారం పేరు తెలిసిన తల్లి లోపలికి వస్తే గదిలో అందరూ కొంచెం నిటారుగా కూర్చుంటారు.

“ముందు ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర రిపోర్టు తెండి, తర్వాత చూద్దాం” అని కొన్నిచోట్ల అంటారు. ఆ రిపోర్టుకు వేల రాండ్లు అవుతాయి. డబ్బు ఉంటే చేయించండి, ఉపయోగపడుతుంది. లేకపోతే అప్పు చేయకండి. క్లాసులో సాయం మొదలుపెట్టడానికి ఆ రిపోర్టు కోసం ఆగాలని సియాస్ చెప్పదు. టీచర్ గమనించింది, మీరు గమనించింది, రెండూ చాలు.

మీరు గమనించింది అన్నాను కదా, అక్కడే మనవాళ్ళు వెనకబడతారు. మీటింగ్‌కు వట్టి చేతులతో వెళ్తారు. స్కూలు వాళ్ళ దగ్గర ఫైలు ఉంటుంది, మన దగ్గర కన్నీళ్ళు ఉంటాయి. ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. రెండు వారాలు రోజూ రెండు మూడు వాక్యాలు, తేదీ వేసి రాయండి. హోంవర్క్ ఎంతసేపు పట్టింది, ఎప్పుడు ఏడ్చాడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేస్తే శాంతించాడు. బాగా చేసినవి కూడా రాయండి. ఈ అమ్మాయి రాసిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటి. “ముందు రోజు రాత్రే రేపు ఏం జరుగుతుందో బొమ్మ గీసి చూపిస్తే, పొద్దున గొడవ లేదు.” ఏ డాక్టరు చెప్పాలి ఇది? ఒక కాగితం, ఒక పెన్సిల్, క్లాసులో కూడా చేయవచ్చు.

మీటింగ్‌కు ఒంటరిగా వెళ్ళకండి. తమ్ముడినో, అత్తనో, పక్కింటి ఆమెనో తీసుకువెళ్ళండి. వాళ్ళు మాట్లాడనక్కర్లేదు, రాసుకుంటే చాలు. ఇంటికి వచ్చాక “ఈ రోజు మనం ఇలా అనుకున్నాం” అని స్కూలుకు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి. నోటి మాట టర్మ్ సెలవుల్లో ఎగిరిపోతుంది.

పెద్ద పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. మెట్రిక్ పరీక్షలో అదనపు సమయం, ప్రశ్నపత్రం చదివి వినిపించే మనిషి, జవాబు రాసిపెట్టే మనిషి, పెద్ద అక్షరాల పేపరు, ఇలాంటి సాయం అడగవచ్చు. కానీ మెట్రిక్ సంవత్సరంలో నిద్ర లేస్తే ఆలస్యం అవుతుంది. గ్రేడ్ పదిలోనే అడగడం మొదలుపెట్టండి. నా స్టాండర్డ్ టూ అబ్బాయికి కావాల్సింది బహుశా ఇదే, ప్రశ్న చదివి వినిపించే ఒక మనిషి.

స్పెషల్ స్కూలు అంటే అవమానం అని మాత్రం అనుకోకండి. కొందరు పిల్లలకు అదే సరైన చోటు. చిన్న క్లాసులు, థెరపీ, ఓపిక ఉన్న టీచర్లు. అక్కడ చోటు దొరకడమే కష్టం. నేను చెప్పేది ఒక్కటే, అది పిల్లవాడి కోసం ఆలోచించి తీసుకున్న నిర్ణయం కావాలి, వదిలించుకోవడానికి రాసిన ఉత్తరం కాకూడదు.

తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లల సంగతి ఇంకా కష్టం. ఒకప్పుడు వెస్టర్న్ కేప్‌లో అలాంటి పిల్లలకు ప్రభుత్వ స్కూళ్ళలో చోటే లేదు. “వీళ్ళకు చదువు ఎందుకు” అన్నట్టు ఉండేది. అక్కడి మేధో వైకల్య ఫోరమ్ ప్రభుత్వం మీద కోర్టుకు వెళ్ళింది. 2010లో హైకోర్టు ఆ పిల్లల విద్యా హక్కును, సమానత్వాన్ని, గౌరవాన్ని ప్రభుత్వం కాపాడలేదని తీర్పు ఇచ్చింది. ఏం కావాలో అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ తీర్పు వచ్చింది.

ఇంట్లో కూడా ఒక మీటింగ్ అవసరం. మన అవ్వలు దిష్టి తీస్తారు, నల్ల తాడు కడతారు. తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు. కానీ “ఎవరికీ చెప్పకు, రేపు చెల్లెలి పెళ్ళికి అడ్డం వస్తుంది” అంటే వినకండి. దాచిన బిడ్డ తరఫున ఎవరూ మాట్లాడలేరు.

ఆ అమ్మాయి ఆ శనివారం ఇంకొక మాట అంది. “మన తాతల తాతలు చదవడం రాకుండానే ఒప్పందం కాగితం మీద ఐదేళ్ళు రాసిచ్చారు కదా అక్కా. నాకు చదవడం వచ్చు. అయినా అలాగే పెట్టేదాన్ని.” 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి వచ్చినప్పటి నుంచి మనకు కాగితాల కథలు చాలా ఉన్నాయి. ప్రభుత్వం స్కూళ్ళు కట్టకపోతే కూలి డబ్బుల్లో చందాలు వేసుకుని, అర్జీలు పెట్టి, మన పెద్దవాళ్ళే స్కూళ్ళు కట్టించారు. మీలో చాలామంది చదివింది అలాంటి స్కూళ్ళలోనే. నేనూ అలాంటి స్కూల్లోనే చదివాను.

తర్వాత ఏమైందో చెబుతాను. ఆమె సంతకం పెట్టలేదు. సోమవారం ఉత్తరం తిరిగి ఇచ్చి, మీటింగ్ కావాలని రాసి అడిగింది. తమ్ముడిని తీసుకువెళ్ళింది. ఎస్‌ఎన్‌ఏ 1 ఎవరూ నింపలేదని తేలింది. క్లాసు టీచర్ చిన్న అమ్మాయి, మొదటి సంవత్సరం. ఆమెకు ఆ ఫారం గురించి ఎవరూ సరిగా చెప్పలేదట. ఇద్దరూ కలిసి కూర్చుని నింపారు. ఇప్పుడు బాబు ముందు వరుసలో గోడ పక్కన కూర్చుంటాడు. గోల ఎక్కువైతే పెట్టుకోవడానికి చెవులకు మఫ్స్ ఉన్నాయి. రోజూ పొద్దున బోర్డు మీద ఆ రోజు పనులు బొమ్మల్లో గీస్తున్నారు, మిగతా పిల్లలకు కూడా అది నచ్చిందట. ఇంకా గొడవలు ఉన్నాయి. పోయిన నెల ఒక రోజు మధ్యాహ్నమే వచ్చి తీసుకుపొమ్మని ఫోను చేశారు. జిల్లా నుంచి ఇంకా ఎవరూ రాలేదు.

వచ్చే టర్మ్ మొదటి వారంలో మళ్ళీ మీటింగ్ ఉంది. తమ్ముడికి డ్యూటీ ఉందట, అందుకని ఈసారి నన్ను రమ్మంది. “మీరు మాట్లాడవద్దు అక్కా, రాసుకుంటే చాలు,” అంది.