జర్మనీ వెండి నాణేలకు రెండు ధరలు

మన బజారులో ‘జర్మన్ సిల్వర్’ పేరిట అమ్మే పళ్ళేలు, కుంకుమ భరిణెల లోహంలో వెండి వీసమెత్తయినా ఉండదు. అది రాగి, నికెల్, తుత్తునాగం కలిసిన మిశ్రమం. జర్మనీ ప్రభుత్వాలు ముద్రించిన పాత వెండి నాణేల సంగతి వేరు. వాటిలో ఎంత వెండి ఉండాలో చట్టమే నిర్ణయించింది. అందుకే సేకరణదారులతోపాటు వెండి వర్తకులకూ వీటిపై ఆసక్తి ఉన్నది. అయితే ఒకే బరువు, ఒకే టంచు గల రెండు నాణేలలో ఒకటి లోహం ధరకు, మరొకటి అంతకు ఎన్నో రెట్లకు అమ్ముడుపోవచ్చు. ఈ తేడా తెలియనివారికి కొనేటప్పుడైనా, అమ్మేటప్పుడైనా నష్టం తప్పదు.

అంకె ఒకటే, వెండి వేరు

1871లో సామ్రాజ్యం ఏర్పడ్డాక జర్మనీలో మార్కు ప్రవేశించింది. వెండి నాణేల టంచు 900, అనగా నూటికి 90 పాళ్ళు. మార్కుకు 5 గ్రాముల మేలిమి చొప్పున 2 మార్కులలో 10, 5 మార్కులలో 25 గ్రాముల వెండి ఉండేది. 40 అయిదు మార్కుల నాణేలంటే కిలో మేలిమి వెండి అన్నమాట. అంతకుముందరి థాలర్ నాణెం 1907 వరకు 3 మార్కుల కింద చెల్లింది. ప్రజలు దానికి అలవాటుపడినందువల్ల 1908 నుంచి 15 గ్రాముల వెండితో 3 మార్కుల నాణెం వేశారు.

1923 నాటి కరెన్సీ పతనం తరువాత వచ్చిన వెండి నాణేల టంచు 500కు పడిపోయింది. 25 గ్రాములు తూగే 5 మార్కుల నాణెంలో వెండి 12.5 గ్రాములే. నాజీల కాలంలో టంచు తిరిగి 900 చేసి, బరువును 13.88 గ్రాములకు తగ్గించారు. వెండి మాత్రం అదే 12.5 గ్రాములు. 1951 నుంచి పశ్చిమ జర్మనీ వేసిన 5 మార్కుల నాణెం బరువు 11.2 గ్రాములు, టంచు 625, వెండి 7 గ్రాములు. 1975లో దానినీ ఉపసంహరించి వెండి లేని నాణెం తెచ్చారు. కనుక 5 అనే అంకెను కాక, సంవత్సరాన్ని చూసి లెక్క కట్టాలి.

రూపాయికి తగిలిన దెబ్బ

ఈ నాణేల చరిత్రకు మన రూపాయితోనూ సంబంధం ఉన్నది. స్వర్ణ ప్రమాణానికి మారిన జర్మనీ, పాత నాణేలను కరిగించగా వచ్చిన వెండిని 1873 నుంచి 1879 వరకు మార్కెట్లో అమ్మింది. అమెరికా గనుల ఉత్పత్తి పెరగడం, ఇతర దేశాలు కూడా వెండిని వదులుకోవడం తోడై ధర జారిపోయింది. 1870 ప్రాంతాల దాదాపు 2 షిల్లింగులు పలికిన వెండి రూపాయి 1893 నాటికి సుమారు 1 షిల్లింగు 3 పెన్నీలకు దిగింది. ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని ఆ ఏడాదే భారత ప్రభుత్వం నిలిపివేసింది.

ధర తేల్చే అక్షరం

నాణెంపై ఉండే చిన్న అక్షరం టంకశాల గుర్తు. ‘ఏ’ బెర్లిన్, ‘డి’ మ్యూనిక్, ‘ఎఫ్’ స్టుట్‌గార్ట్, ‘జి’ కార్ల్స్‌రూహె, ‘జె’ హాంబర్గ్. 1958లో హాంబర్గ్‌లో వేసిన 5 మార్కుల నాణేలు 60,000 మాత్రమే. అందులోనూ వెండి 7 గ్రాములే అయినా, సేకరణదారుల గిరాకీ వల్ల ధర వేరు. సామ్రాజ్య కాలపు నాణేలలో ప్రష్యావి విరివిగా దొరుకుతాయి. చిన్న సంస్థానాలవి అరుదు. మతసంస్కరణ 400వ వార్షికోత్సవానికి 1917లో శాక్సనీ వేసిన 3 మార్కుల నాణేలు 100 మాత్రమే. దానికి నకిలీలూ బయలుదేరాయి.

ముద్రించిన సంఖ్య ఎంతయినా, కరిగిపోయినవి పోగా మిగిలినవే లెక్క. 1979లో శాస్త్రవేత్త ఆటో హాన్ స్మారక నాణేలను వెండితో వేసిన తరువాత, ధర పెరిగిపోవడంతో వాటిని కరిగించి వెండి లేని లోహంతో విడుదల చేశారు. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకిన వెండి, మార్చి చివర 11 డాలర్ల స్థాయికి కూలింది. లోహం ధరకు కొన్న నాణేలకు ఇటువంటి ఒడిదుడుకులు తప్పవు.

కొనేవారు చూడవలసినవి

మొదట తూకం, ఆపైన కొలత. సామ్రాజ్య కాలపు 5 మార్కుల నాణెం 27.78 గ్రాములు తూగాలి, అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు ఉండాలి. 3, 5 మార్కుల నాణేల అంచున ‘దేవుడు మనతో ఉన్నాడు’ అనే జర్మన్ మాటలు స్పష్టంగా కనిపించాలి. పోత పోసిన నకిలీలలో ఇవి అలుక్కుపోయినట్లుంటాయి. అయస్కాంతానికి అంటుకున్నది వెండి నాణెం కాదు.

నల్లబడిన నాణేన్ని చింతపండుతోనో, విబూదితోనో తోమడం పెద్ద పొరపాటు. పూజసామాను మెరుస్తుంది గాని, గీతలు పడిన నాణెం సేకరణదారునికి పనికిరాక లోహం ధరకే పోతుంది.

కొనేవారు మొదట అందులోని వెండికి విలువ కట్టి, అంతకుమించి అడిగే సొమ్ము ఏ సంవత్సరానికో, ఏ అక్షరానికో, ఏ నాణ్యతకో తెలుసుకోవాలి. ఇంట్లో దొరికిన నాణేన్ని అమ్మేవారు మూసకు పంపే ముందు ఆ రెండింటినీ, సంవత్సరాన్నీ అక్షరాన్నీ, ఒకసారి చూసుకోవడం లాభం.