మరుగుపడిన హాస్యచిత్రములు

మా యింట రాత్రి భోజనములై, గిన్నెలు కడిగి బోర్లించిన పిమ్మట, అత్తగారును నేనును కూర్చుండి ఏదో యొక చిత్రమును గంటసేపు చూచుట కొన్నియేండ్లుగా వాడుక. పెద్ద పేరు పొందిన చిత్రములను గూర్చి అందఱును వ్రాయుదురు. మా గోదావరి వారి చేతులమీదుగా వెలువడియు, తగినంత పేరు రాక మూలబడిన హాస్యచిత్రములు కొన్ని గలవు. వానిని గూర్చియు, మేము చూచిన డాక్యుమెంటరీలను గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుకొందును. నేను విమర్శకురాలను గాను, చూచుదానను మాత్రమే.

మొదట చెప్పవలసినది 1953లో వచ్చిన 'పక్కింటి అమ్మాయి'. దర్శకులు కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్యగారు. కథానాయకుడు రేలంగి వేంకటరామయ్యగారు! పుల్లయ్యగారి 'శ్రీకృష్ణ తులాభారము'తో 1935లో తెరమీదికి వచ్చి, వారి కొలువులోనే చిల్లరపనులన్నియు చేయుచు ఎదిగిన మనిషి. హాస్యగానికి మన చిత్రములలో పది నిమిషముల చోటే గదా. ఇందు కథయంతయు ఆయనదే. నాయిక పెద్దాపురపు ఆడపడుచు అంజలీదేవిగారు. పక్కింటి పిల్లకు సంగీతమన్న ప్రాణము. ఈతనికి పాటరాదు. స్నేహితుడు చాటున పాడుచుండగా, ఈతడు కిటికీకడ నిలిచి పెదవులు కదపును. ఆ స్నేహితుని వేషము వేసినవారు గాయకులు ఏ. ఎం. రాజాగారు. ఒక బెంగాలీ చిత్రమునుండి వచ్చిన యీ కథనే 1968లో హిందీవారు 'పడోసన్' అని తీయగా దేశమంతయు చూచినది. దానికి పదునైదేండ్లు ముందే మనవారు తీసిన సంగతి ఎందఱెఱుగుదురు? 1981లో తెలుగున మరల తీసినప్పుడు సైతము పాతదానిని తలచినవారు తక్కువ.

రేలంగిగారి ముఖమున పాట పలుకుచుండగా అత్తగారు కన్నీళ్లు వచ్చునట్లు నవ్విరి. నాకు మాత్రము లోలోపల ఒక ముల్లు గ్రుచ్చుకొనినది. రాని విద్య వచ్చినట్లు నటించి ఆడుపిల్ల మనసు దొంగిలించుట నవ్వులాటయా? ఈ మాటయే అంటిని. ఆమె కన్నులు తుడుచుకొని, "పెళ్ళిచూపుల్లో ఏ మగాడు నిజం చెప్పాడే అమ్మాయ్? మీ మావగారివాళ్ళు పన్నెండెకరాలన్నారు. కాపరానికొచ్చి చూస్తే నాలుగు. అందులో రెండు తాకట్టు" అనిరి. మావగారు పోయి చాలకాలమైనది. ఆ యెకరముల లెక్క నేను వినుట అదే మొదటిసారి.

మఱునాడు వెదకి 'ఏప్రిల్ 1 విడుదల' పెట్టితిని. పసలపూడి బిడ్డ వంశీగారు 1991లో తీసినది. మా రాజమహేంద్రవరపు వీథులు ఇందు కనబడును. అబద్ధములతో బ్రదుకు వెళ్లబుచ్చు యువకునకు, ఏప్రిల్ ఒకటవ తేదీ వఱకు నిజమే పలుకవలెనని నాయిక నియమము పెట్టును. నిజము నోట వచ్చినకొలది చిక్కులు పెరుగును. నవ్వుచునే చూచితిమి కాని, పెండ్లికి ముందు పిల్ల యిట్టి నియమము పెట్టగలుగుట సామాన్యమైన సంగతి కాదు. అత్తగారు పన్నెండెకరముల మాట మఱల ఎత్తలేదు. నేనును ఎత్తలేదు.

వంశీగారిదే 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూపు' 1987 నాటిది. సంగీతము ఇళయరాజాగారిది. విడుదలైన దినములలో దీనిని ఆదరించినవారు లేరు. ఏండ్లు గడచిన పిమ్మట టెలివిజనులో చూచి మెచ్చుకొనిరి. మా చిన్ననాట తీర్థములకు ఈ రికార్డు నాట్యములవారు వచ్చెడివారు. సినిమా పాట రికార్డు వేసి, పందిటి క్రింద ఆడెడివారు. ఆడువారికి అటు తొంగిచూచుటయే తప్పు. మగవారు మాత్రము భోజనములు చేసి వెళ్లి తెల్లవారుజామున వచ్చెడివారు. ఆ ఆడెడి పిల్ల యెవరు, ఆమె కెవరున్నారు, ఆ రాత్రి యేమి తిన్నది అని మే మెన్నడును అనుకొనలేదు. చిత్రములో ఆ బృందములోని వారికి ఆకలి యున్నది, ప్రేమ యున్నది, పరువును ఉన్నది. హాస్యము కొన్నిచోట్ల మోటు. పిల్లలతో చూచునప్పుడు జాగ్రత్త వలయును. అయినను ఈ జాబితాలో నా మనసునకు దగ్గఱగా వచ్చినది ఇదియే.

ధవళేశ్వరపు ముళ్లపూడి వారును నరసాపురపు బాపుగారును 1968లో తీసిన 'బంగారు పిచిక' ఆనాడు ఆడలేదు. 1994లో ఆ కథనే వారు మరల 'పెళ్లికొడుకు' అని తీసిరి. నాకు మొదటిదే నచ్చినది. కారణము అడిగిన చెప్పలేను.

మాటవరుసకు ఒకటి చెప్పవలెను. మన హాస్యచిత్రములలో అత్తగా రనిన గయ్యాళియే. కాకినాడ వైపు నుండి వెళ్లిన సూర్యకాంతముగారి ప్రజ్ఞకు చేతులెత్తి మ్రొక్కెదను. కాని మా అత్తగా రామె చిత్రము వచ్చినపుడెల్ల నా వంక ఓరగా చూచి, "నవ్వు, నవ్వు" అందురు.

ఇక డాక్యుమెంటరీలు. 1948లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన ఫిల్మ్స్ డివిజను వారి చిన్నచిత్రము వేసిన తరువాతనే అసలు చిత్రము మొదలగుట చిరకాలము నియమము. ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది. అది ఆడుచున్నంతసేపు మగవారు సోడాలకు లేచిపోయెడివారు. ఒడిలో నిదురించు పిల్లతో మేము కదలలేము గనుక, ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు, కలరా టీకాలు అన్నియు మేమే చూచితిమి. ఆ పాఠములు వ్యర్థము కాలేదని నా నమ్మకము.

1988లో శ్యామ్ బెనెగల్‌గారి 'భారత్ ఏక్ ఖోజ్' వచ్చినది. మొత్తము 53 భాగములు. నెహ్రూగారి గ్రంథము ఆధారము. అది వచ్చెడిది ఆదివారము ఉదయము. అనగా పప్పు ఉడుకు వేళ. నే నా చరిత్రను వంటింటి నుండి విన్నదే కాని చూడలేదు. ఇప్పుడు చేతిఫోనులో తీరికగా చూచితిని. కొన్ని భాగములు నీరసముగా, బడిపాఠమువలె సాగును. కన్నగి కథ చెప్పిన భాగములు మాత్రము, హిందీ యొక్కముక్క రాని అత్తగారు రెప్పవాల్చక చూచిరి. మగని నిర్దోషిత్వమును నిలబెట్టుటకు కాలి అందెను పగులగొట్టి చూపిన యాడుదానికి భాష అక్కఱలేదు.

ఇన్ని చూచిన పిమ్మట నాకొక వెలితి తోచినది. మా డెల్టాను చూప వచ్చిన డాక్యుమెంటరీ 1852లో పూర్తియైన కాటన్ దొరగారి ఆనకట్టను చూపును. హాస్యచిత్రము పెరటిని, అరుగును చూపును. ఆ అరుగుమీద కూర్చుండి లేసు అల్లుచున్న స్త్రీ రెంటిలోను నాకు కనబడలేదు. నరసాపురపు లేసు పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు నేర్పిన పని. దానికి 2024లో భౌగోళిక గుర్తింపును వచ్చినది. జర్మను విదుషి మరియా మీస్ ఈ యల్లిక స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆఱెనిమిది గంటలు అల్లుచున్నను వారిని పనివారని లెక్కింపక, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులని యనుట ఆమె ఎత్తిచూపిన అన్యాయము.

అత్తగారి పుట్టిల్లు నరసాపురము దగ్గఱ. పెండ్లికి ముందు ఆమెయు అల్లినవారే. ఈ సంగతి చదివి వినిపింపగా, "మామీద సినిమా తీస్తే ఎవరు చూస్తారే? అందులో నవ్వేముంది?" అనిరి. అని, కొంతసేపటికి లేచి, ట్రంకుపెట్టె అడుగునుండి తుప్పుపట్టిన లేసు సూదిని తీసిరి. చూపు ఆనదు కాని వ్రేళ్లు మఱువలేదు. నా కూతురు ఫోను పట్టుకొని నాలుగు నిమిషములు తీసినది. అందు సగము అల్లిక. తక్కిన సగము, "వెలుతురు కడ్డం రాకే, దరిద్రపుదానా" అని మనుమరాలిని తిట్టుట.