టెలిస్కోపు నియంత్రణ సాఫ్ట్‌వేర్: గురి, అనుసరణ, భద్రత

ఉపోద్ఘాతం

లడఖ్‌లోని హాన్లే వద్ద, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. పరిశీలకులు దానిని బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచి ఉపగ్రహ సంబంధం ద్వారా నడుపుతారు. పరిశీలకుడు అంత దూరంలో ఉన్నప్పుడు టెలిస్కోపును సరిగ్గా తిప్పేదీ, ఆపద నుంచి కాపాడేదీ నియంత్రణ సాఫ్ట్‌వేరే. అది చేసే నాలుగు పనులను ఈ భాగంలో పరిశీలిద్దాం: గురిపెట్టడం, అనుసరించడం, పరికరాలను సమన్వయపరచడం, కాపాడటం. వీటిలో చివరిది పైకి కనిపించదు. కాని అది సరిగ్గా లేకపోతే మిగిలిన మూడూ వృథా.

1. గురిపెట్టడం

భూమిపై రేఖాంశం, అక్షాంశం ఎలాంటివో ఆకాశంలో విషువాంశం, క్రాంతి అలాంటివి. టెలిస్కోపు ఉన్న చోటి నక్షత్ర కాలం నుంచి నక్షత్రపు విషువాంశాన్ని తీసివేస్తే కాలకోణం వస్తుంది.

ఉదాహరణ: ఆర్ద్ర నక్షత్రం విషువాంశం సుమారు 5 గంటల 55 నిమిషాలు. నక్షత్ర కాలం 7 గంటల 55 నిమిషాలు అనుకుందాం. అప్పుడు కాలకోణం 2 గంటలు. గంటకు 15 డిగ్రీల చొప్పున ఇది 30 డిగ్రీలు. అంటే ఆర్ద్ర యామ్యోత్తర రేఖను దాటి పడమటి వైపు వాలుతోంది. ఈ కోణానికి క్రాంతిని, స్థల అక్షాంశాన్ని కలిపి లెక్కిస్తే టెలిస్కోపును ఏ దిక్కుకు, ఎంత ఎత్తుకు తిప్పాలో తెలుస్తుంది.

ఈ లెక్కలో గడియారం పాత్రను గమనించండి. అది ఒక నిమిషం తప్పితే గురి సుమారు పావు డిగ్రీ, అంటే చంద్రబింబం వెడల్పులో దాదాపు సగం తప్పుతుంది. అందుకే కంప్యూటరు గడియారాన్ని తరచుగా జీపీఎస్ కాలంతో సరిచూస్తారు.

లెక్క సరిగ్గా ఉన్నా యంత్రం సంపూర్ణంగా ఉండదు. అక్షాలు ఖచ్చితంగా లంబంగా ఉండవు. గొట్టం తన బరువుకు తానే కొద్దిగా వంగుతుంది. వాతావరణం కాంతిని వంచుతుంది. కాబట్టి ఆకాశమంతటా పదుల కొద్దీ నక్షత్రాలను చూసి, లెక్క ప్రకారం రావలసిన స్థానానికీ నిజంగా కనిపించిన స్థానానికీ గల తేడాలను నమోదు చేస్తారు. వాటి నుంచి రూపొందించే సవరణ సూత్రాన్ని గురి నమూనా అంటారు. ఆ తరువాత ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్ ఈ నమూనాతో సవరించి పంపుతుంది.

2. అనుసరించడం

భూమి నక్షత్రాల దృష్ట్యా 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లలో ఒకసారి తిరుగుతుంది. దీనివల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకండుకు సుమారు 15 ఆర్క్ సెకండ్లు కదులుతుంది. టెలిస్కోపు దాని వెంట కదలకపోతే చిత్రంలో చుక్కకు బదులు గీత పడుతుంది.

అక్షం ఎక్కడుందో ఎన్‌కోడర్ చెబుతుంది. ఉండవలసిన స్థానంతో దానిని పోల్చి, సాఫ్ట్‌వేర్ సెకండుకు అనేకసార్లు మోటారు వేగాన్ని సరిచేస్తుంది. ఇదే పునర్నివేశ వలయం. పెద్ద టెలిస్కోపులు ఎక్కువగా దిక్కు, ఎత్తు అనే రెండు అక్షాలపై తిరుగుతాయి. వీటిలో రెండు అక్షాల వేగమూ నిరంతరం మారుతుంది. నక్షత్రం సరిగ్గా నడినెత్తి దగ్గరగా దాటేటప్పుడు దిక్కు అక్షం తిరగవలసిన వేగం మోటారు శక్తిని మించిపోతుంది. అందువల్ల నడినెత్తి చుట్టూ ఒక చిన్న వలయాన్ని సాఫ్ట్‌వేర్ నిషిద్ధంగా ఉంచుతుంది.

3. సమన్వయం

గుమ్మటం, కెమెరా, ఫిల్టర్ చక్రం, ఫోకస్ మోటారు వేర్వేరు తయారీదారులవి కావచ్చు. వాటి ఆదేశాలూ వేర్వేరుగా ఉంటాయి. విండోస్‌పై ఆస్కామ్, లైనక్స్‌పై ఇండి వంటి ప్రమాణాలు వీటికి ఉమ్మడి భాషను ఇస్తాయి. ఆ భాషను పరికరపు భాషలోకి మార్చేది డ్రైవర్. కెమెరాను మార్చినప్పుడు డ్రైవర్ మారితే చాలు. మిగిలిన ప్రోగ్రాం అలాగే ఉంటుంది. ఇండి ఉచితంగా లభిస్తుంది. అందులో టెలిస్కోపును, కెమెరాను అనుకరించే డ్రైవర్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఇంట్లో టెలిస్కోపు లేని విద్యార్థి కూడా దీనిని సాధన చేయవచ్చు.

4. కాపాడటం

ఒక పర్వత వేధశాలను ఊహించండి. అర్ధరాత్రి దాటాక గుమ్మటం తెరిచి ఉంది. సమాచార సంబంధం తెగింది. కాసేపటికి మంచు మొదలైంది. "మూసివేయి" అన్న ఆదేశం కోసం ఎదురుచూసేలా సాఫ్ట్‌వేర్ రాసి ఉంటే, ఆ ఆదేశం ఇక రాదు. అద్దం తడుస్తుంది.

అందువల్ల నియమాన్ని తిరగేసి రాస్తారు: అనుమతి అందుతున్నంత సేపే తెరిచి ఉంచాలి, అది ఆగితే మూసివేయాలి. వాతావరణ పరికరం కొలత పంపకపోతే దానిని చెడు వాతావరణంగానే లెక్కించాలి. సమాచారం లేకపోవడం ప్రమాదం లేకపోవడం కాదు.

మరి ప్రధాన కంప్యూటరే స్తంభించిపోతే? దానికోసం కాపలా టైమరు అనే విడి పరికరం ఉంటుంది. కంప్యూటరు దానికి నిర్ణీత వ్యవధిలో సంకేతం పంపుతుండాలి. సంకేతం ఆగితే టైమరు తానే గుమ్మటాన్ని మూయిస్తుంది. కరెంటు పోయినా ఇది జరగాలంటే బ్యాటరీ ఉండాలి. అక్షం హద్దు దాటబోతే సాఫ్ట్‌వేర్‌తో పని లేకుండా మోటారును ఆపే పరిమితి స్విచ్‌లు కూడా అవసరం.

అయితే అతి జాగ్రత్తకూ మూల్యం ఉంది. హాన్లేలోనే ఉన్న 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా రోబోటిక్ టెలిస్కోపు సూపర్‌నోవాల వంటి, త్వరగా మారిపోయే వస్తువులను పరిశీలిస్తుంది. అనవసరంగా మూసిన గంటలో మారిపోయిన కాంతిని మరునాడు చూడలేము. కాబట్టి ఎంత తేమకు, ఎంత గాలికి మూయాలి, ఎంత సేపు అనుకూలంగా ఉన్నాక తిరిగి తెరవాలి అన్నది మనుషులే ముందుగా ఆలోచించి నిర్ణయించాలి. రాత్రి సాఫ్ట్‌వేర్ ఆ నిర్ణయాన్ని అమలు చేస్తుంది, అంతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రోహిణి విషువాంశం సుమారు 4 గంటల 36 నిమిషాలు. నక్షత్ర కాలం 3 గంటల 36 నిమిషాలైతే కాలకోణం ఎంత? నక్షత్రం యామ్యోత్తర రేఖకు ఏ వైపున ఉంది?
2. గురి నమూనా అవసరాన్ని వివరించండి.
3. కాపలా టైమరును ప్రధాన కంప్యూటరులో భాగంగా కాక విడిగా ఎందుకు ఉంచుతారు?

మొదటి ప్రశ్నకు జవాబు: రుణ 1 గంట, అంటే 15 డిగ్రీలు, తూర్పు వైపున.