క్లైమాక్స్ లేని జబ్బు... కావాలి ఒక తోడు!

మన సినిమాల్లో జబ్బుకి ఒక పద్ధతి వుంది. ఇంటర్వెల్‌కి కాస్త అటూ ఇటూగా హీరో దగ్గుతాడు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఆ తర్వాత రెండు విషాద గీతాలు, ఒక త్యాగం, హాలంతా జేబురుమాళ్ళు తడిసే క్లైమాక్స్! తెర మీద వెలుగు ఆరిపోతుంది, మనం కళ్ళు తుడుచుకుని సైకిల్ స్టాండు వైపు నడుస్తాం.

కానీ క్లైమాక్స్ లేని జబ్బులు కొన్నున్నాయి. అవి మనిషిని తీసుకుపోవు, అలాగని వదిలిపెట్టీ పోవు. ఈ వారం తగ్గుతాయి, వచ్చే వారం తిరగబెడతాయి. పాతికేళ్ళ వయసులో, ఉద్యోగం, పెళ్ళి, కలలు అన్నీ ఇంకా ముందే వున్న రోజుల్లో డాక్టరు కాగితం మీద అలాంటి పేరొకటి రాసి ఇస్తే ఆ అమ్మాయి, ఆ అబ్బాయి ఎవరి భుజం మీద తలపెట్టి ఏడవాలి? మందుల షాపులో దొరకని మందు అదే మరి!

ఒక ఫోటో... లక్షల కళ్ళు

2022 అక్టోబర్ 29. సమంత ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫోటో వచ్చింది. తారలు పెట్టే మామూలు ఫోటో కాదది. డబ్బింగ్ థియేటర్‌లో మనకు వీపు తిప్పి కూర్చుంది. ఎదురుగా మైకు, తెర మీద 'యశోద'. రెండు చేతులూ కలిపి హృదయం గుర్తు చూపిస్తోంది. ఆ చేతికి సెలైన్ గొట్టం!

కొన్ని నెలల క్రితం తనకు మయోసైటిస్ అనే వ్యాధి వుందని తేలిందనీ, పూర్తిగా అదుపులోకి వచ్చాక చెబుదామనుకుంటే అనుకున్నదానికంటే ఆలస్యమవుతోందనీ రాసింది. ఎప్పుడూ ధైర్యంగా కనిపించాల్సిన అవసరం లేదని నెమ్మదిగా తెలుసుకుంటున్నానంది.

2010లో 'ఏ మాయ చేసావే'తో వచ్చిన జెస్సీ నోట ఆ మాట విని అభిమానులు గతుక్కుమన్నారు. మెగాస్టార్ చిరంజీవి ధైర్యం చెప్పారు, జూనియర్ ఎన్.టి.ఆర్. త్వరగా కోలుకోవాలని కోరుకున్నారు. రెండు వారాల్లో, నవంబర్ 11న 'యశోద' విడుదలయింది.

అన్నట్టు, ఒంట్లో బాగోలేక ఆమె ఆగిపోవడం అదే మొదటిసారి కాదు. 'ఈగ' విడుదలయిన 2012లోనే చర్మానికి సంబంధించిన ఇబ్బంది వచ్చి మణిరత్నం 'కడల్', శంకర్ 'ఐ' రెండూ వదులుకోవలసి వచ్చింది. అప్పుడామెకి పాతికేళ్ళు. ఏ కొత్త నటి అయినా కలలో కూడా వదులుకోని అవకాశాలవి!

కంచే చేను మేస్తే...

ఇంతకీ ఏమిటీ మయోసైటిస్? మన ఒంట్లో ఒక రక్షణ దళం వుంటుంది. బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడటం దాని పని. ఒక్కోసారి ఆ దళానికే మతిపోతుంది. శత్రువెవరో, సొంతవాళ్ళెవరో తెలియక మన ఒంటి మీదే పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే! కండరాల మీద పడితే మయోసైటిస్. కీళ్ళు, చర్మం, మూత్రపిండాల వంటి వాటి మీద పడితే లూపస్. ఇటువంటివే ఇంకా చాలా వున్నాయి.

మయోసైటిస్ వచ్చిన మనిషికి మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తడం కూడా పెద్ద పనే. చూసేవాళ్ళకి మాత్రం మనిషి బాగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే! కాలికి కట్టు వుంటే బస్సులో సీటిస్తారు. కండరంలో నొప్పి ఎవరికి కనిపిస్తుంది? 'వయసులో వున్నావు, నీకేం నీరసం?' అంటారు.

లూపస్ సంగతి చూడండి. ఆ వ్యాధి వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. ఎక్కువగా వచ్చేది 15కీ 44కీ మధ్య. అంటే సరిగ్గా చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అనుకునే వయసన్నమాట!

మందులున్నాయి. కానీ మందుల వెనుక కూడా కథ వుంది. వీటిలో చాలా వ్యాధులకు వాడే స్టీరాయిడ్లు ప్రాణం నిలబెడతాయి, దాంతోపాటు ముఖం ఉబ్బేలా చేస్తాయి, నిద్ర చెడగొడతాయి, మనసును ఊరికే అటూ ఇటూ ఊపేస్తాయి. తెల్లవారుజామున మూడు గంటలకి కారణం లేకుండా ఏడుపొస్తే అది మీ పిరికితనం కాకపోవచ్చు, మాత్ర ప్రభావమూ కావచ్చు. సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి. అంతేగాని భయపడి మాత్రలు మీ అంతట మీరే ఆపేయకూడదు, స్టీరాయిడ్లు ఒక్కసారిగా ఆపడం ప్రమాదం.

మాట కూడా గుచ్చుకుంటుంది

2023 జనవరిలో 'శాకుంతలం' ట్రైలర్ వేడుకకి సమంత వచ్చింది. దర్శకుడు గుణశేఖర్ మాట్లాడుతూ కదిలిపోతే ఆమె కంట కూడా నీరు తిరిగింది. ఆ ఫోటోలు చూసి ఎవరో ఒక పెద్దమనిషి, ఆమె ముఖంలో పాత కళ పోయిందని సానుభూతి ఒలకబోస్తూ రాశాడు. నాలాగా నెలల తరబడి చికిత్సలు, మందులు మీకెప్పుడూ రాకూడదని కోరుకుంటున్నానంటూ ఆమె జవాబిచ్చింది. పైగా కాస్త ప్రేమ కూడా పంపింది!

తారకి లక్షలమంది అభిమానులున్నారు, ఒకడు గుచ్చితే వేయిమంది అడ్డం పడతారు. మరి మన వీధి చివరి అమ్మాయికో? ముఖం ఉబ్బితే 'ఏమే, బాగా లావెక్కావు' అనే పిన్నిగారు, 'బయటికి చెప్పకండి, సంబంధాలు రావు' అనే మేనత్త తప్ప ఎవరున్నారు? ఆ మేనత్తది కూడా ప్రేమే, కాదనం. కానీ జబ్బుని దాచమంటే ఏడుపుని కూడా దాచమన్నట్టే కదా! ఆ పిల్ల రహస్యంగా మాత్ర వేసుకుంటుంది, రహస్యంగా కుమిలిపోతుంది. జబ్బు ఒకటే, బరువు రెండింతలు.

రెండు సినిమాలు - రెండు దారులు

1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం' గుర్తుందా? అక్కినేని హీరో. తనకు కాన్సరని తెలియగానే ప్రేమించిన శ్రీదేవి దగ్గర దాచిపెడతాడు. ఆమె తనని అసహ్యించుకోవాలని తాగుబోతులా, తిరుగుబోతులా నటిస్తాడు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు, సినిమా విరగబడి ఆడింది. తెర మీద అది మహా త్యాగం. ఇంట్లో ఎవరైనా అదే పని చేస్తే? కావలసిన వాళ్ళని తరిమేసి ఒంటరిగా కూర్చోవడం! పోనీ, అలా తరిమేసినందువల్ల అవతలి మనిషి సుఖపడిందా? ఆ అమ్మాయి కూడా ఏడుస్తూనే వుంది.

1989లో మణిరత్నం తీసిన 'గీతాంజలి' చూడండి. నాగార్జున కాన్సర్ మనిషి, గిరిజ గుండెజబ్బు పిల్ల. ఇద్దరికీ రోజులు లెక్కే. అయినా ఆ ఊటీ మంచులో అతనికి మళ్ళీ బతకాలనిపించింది ఎందుకు? తన బాధ విడమరచి చెప్పకుండానే తెలిసిన మనిషి దొరికింది గనుక! అదే జబ్బు, అదే భయం, అదే ఆస్పత్రి వాసన ఎరిగినవాళ్ళు ఒక్కరు చాలు. 'నీకు కూడా అలాగే వుంటుందా?' అన్న ఒక్క ప్రశ్నతో సగం బరువు దిగుతుంది.

సినిమాగా ఏది గొప్పదో మీరే తేల్చుకోండి. బతకడానికి మాత్రం రెండోదే దారి.

హాలీవుడ్‌లో ఒక నేస్తం

సముద్రాల అవతల కూడా ఇదే కథ. గాయని, నటి సెలీనా గోమెజ్ తనకి లూపస్ వుందని 2015లో బయటపెట్టింది. అప్పుడామెకి 23 ఏళ్ళు. 2016లో పాటల యాత్ర మధ్యలో ఆపేసింది. లూపస్‌తోపాటు ఆందోళన, భయం, దిగులు కూడా వస్తాయని, వాటికోసమే కాస్త ఆగుతున్నానని నిర్మొహమాటంగా చెప్పింది. 2017లో మూత్రపిండం మార్చవలసి వచ్చింది. ఇచ్చిందెవరు? ఆమె స్నేహితురాలు, నటి ఫ్రాన్సియా రైసా!

మన మమతా మోహన్‌దాస్ సంగతీ తెలిసిందే. 'యమదొంగ'లో నవ్వించిన ఆ కళాకారిణికి 2009లో, పాతికేళ్ళయినా నిండకముందే కాన్సర్ అని తేలింది. ఆ తర్వాత మళ్ళీ తిరగబెట్టింది. దాన్నీ ఎదుర్కొని నటిస్తూనే వచ్చింది. 2023 జనవరిలో తన చర్మం రంగు కోల్పోతోందని, బొల్లి వచ్చిందని తనే ఫోటోలతో సహా చెప్పేసింది. దాచలేదు!

స్నేహితుడా, నువ్వేం చెయ్యాలి?

అందరం కిడ్నీ ఇవ్వనక్కర్లేదు. అంతకంటే చవకయినవి చాలా వున్నాయి.

ఒకటి - చెవి. సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినండి. 'అంతా మంచే జరుగుతుంది' అనే మాట చెప్పేవాడికి హాయి, వినేవాడికి తలుపు మూసేసినట్టు.

రెండు - చెయ్యి. 'ఏదైనా కావాలంటే చెప్పు' అంటే ఎవరూ చెప్పరు. 'మంగళవారం రక్త పరీక్షకి నేనొస్తా, తొమ్మిదింటికి బండి తెస్తా' అనండి.

మూడు - మామూలుతనం. వస్తే రానీ, రాకపోతే పోనీ, మొదటి రోజు మొదటి ఆటకి పిలవడం మాత్రం మానకండి. 'పాపం, రాలేదులే' అని మీరే తీర్మానించి పిలవకపోవడం జబ్బుకంటే ఎక్కువ నొప్పి. 'ఖుషి' ఆలస్యమయినందుకు విజయ్ దేవరకొండ అభిమానులకి సమంత క్షమాపణ చెబితే, ఆమె ఆరోగ్యంగా తిరిగి రావాలని ఎదురుచూస్తున్నామని విజయ్ బదులిచ్చాడు. 2023 సెప్టెంబర్ 1న ఆ సినిమా వచ్చింది కూడా. ఎదురుచూడటం కూడా ఒక సాయమే!

నాలుగు - నోరు కట్టుకోవడం. ఆకు పసర్లు, ఫోనులో వచ్చిన చిట్కాలు పంపకండి. ఇందులో తారలకూ మినహాయింపు లేదు. 2024లో సమంత హైడ్రోజన్ పెరాక్సైడ్ పీల్చడం గురించి చెబితే అది ప్రమాదమని డాక్టర్లు గట్టిగా విమర్శించారు. ఇకమీదట మరింత జాగ్రత్తగా వుంటానని ఆమె అంది. కాబట్టి ధైర్యం తారల దగ్గర నేర్చుకోండి, మందు డాక్టరునడిగి వేసుకోండి.

ఎవరూ లేరనుకునేవారికి

ఇంట్లో చెప్పలేను, స్నేహితులు లేరు అంటారా? 14416 అనే నంబరు రాసి పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. అలాగే మీ డాక్టరుని ఒక మాటడగండి - 'ఇదే జబ్బుతో వున్న నా వయసువాళ్ళు ఎవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటారా?' అని. వాళ్ళు సరేనంటే కలిపిస్తారు. ఆస్పత్రి వరండాలో పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కూడా మీలాగే ఎవరైనా పలకరిస్తే బాగుండునని చూస్తూండవచ్చు.

చెప్పడం మొదలుపెట్టేటప్పుడు ఊరందరికీ చాటింపు వేయనక్కర్లేదు. సమంత కూడా నెలలపాటు ఆగింది. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. ఒక్కరితో మొదలుపెట్టండి. ఆ ఒక్కరూ సరిగ్గా వినకపోతే రెండోవారిని వెతకండి, అంతేగాని మూగనోము పట్టకండి.

2025లో 'శుభం' చిత్రంతో సమంత నిర్మాత కూడా అయింది. ఆ పేరు చూడండి... మన సినిమాల్లో చివర పడే కార్డు అది. ఆమె మాత్రం దాంతో కొత్త పని మొదలుపెట్టింది!