పది మీటర్ల గాలి

"మావయ్యా, కొల్లేటికెళ్తే దీంతో పరజల్ని కొట్టొచ్చా?"

తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంటి పెరట్లో, బేరానికొచ్చిన పాత ఎయిర్‌గన్ చేతికందగానే మా మేనల్లుడు అడిగిన మొదటి మాట ఇది. వాడి తప్పేం లేదు. దాన్ని పిట్టల తుపాకీ అనే పిలుస్తూ వచ్చాం మనం. "కూడదురా" అని ఊరుకోకుండా, ముందు ఆ యంత్రం కథ చెప్పాను.

గాలి తుపాకీ ఒకప్పుడు సైన్యంలో కూడా పనిచేసింది. 1780 ప్రాంతంలో జిరాండోని అనే ఆయన ఆస్ట్రియా సైన్యానికి చేసిచ్చిన తుపాకీలో, భుజానికి ఆనే వెనక భాగమే గాలి నింపిన ఇనుప సీసా. వరసగా ఇరవై గుళ్లు పేల్చేది. పొగ రాదు, వానలో మందు తడుస్తుందన్న బెంగ లేదు. కానీ ఆ సీసా నిండాలంటే పంపు పదిహేను వందల సార్లు కొట్టాలి. తోలు సీళ్లు ఎండితే గాలి కారిపోయేది. అంత సున్నితమైన సరుకు యుద్ధంలో ఎన్నాళ్లో నిలవలేదు.

జనం చేతికొచ్చింది తర్వాతి కాలపు స్ప్రింగు తుపాకీ. తిరనాళ్లలో బుడగలు పేల్చేది ఇదే. గొట్టాన్ని విరిచి కిందికి లాగితే లోపల పిస్టన్ వెనక్కి జరిగి స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని కాస్త చోటులోకి కుక్కేస్తుంది. సైకిలుకు గాలి కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది కదా. ఇక్కడ అదే పని రెప్పపాటుకన్నా ముందే జరిగిపోతుంది కనక గాలి వందల డిగ్రీలకు కాగుతుంది. లోపల నూనె చుక్క ఉంటే డీజిల్ ఇంజన్లో మాదిరే భగ్గుమంటుంది. అమ్మే ఆయన పేల్చి చూపించినప్పుడు పెద్ద చప్పుడు, గొట్టం చివర నీలిపొగ. "పవరు చూశారా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. అది బలం కాదు, నూనె. అలా మండితే సీలూ స్ప్రింగూ రెండూ పాడవుతాయి. ఇరవై గుళ్లు కాల్చాక గానీ ఆ పొగ ఆగలేదు.

అసలు పరీక్ష అప్పుడు పెట్టాం. గోడకు ఇసుక గోనెలు పేర్చి, టేపుతో పది మీటర్లు కొలిచి, కాగితం అంటించాం. గుళ్లను పళ్లెంలో పోసి ఒక్కొక్కటీ చూశాను. సీసపు గుండు డమరుకంలా ఉంటుంది: నడుము సన్నం, వెనక పలచటి పావడా. గాలి ఆ పావడాను విచ్చదీసి గొట్టానికి అతుక్కునేలా చేస్తుంది. అంచు నొక్కుకున్నవి ఏరి పక్కన పెట్టాం. అయినా మావాడి మొదటి అయిదూ కాగితమంతా చెల్లాచెదురు. తుపాకీని పిడికిలి బిగించి పట్టుకున్నాడు. పిస్టన్ ముందుకు కదిలేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు గుంజుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ రెండు కుదుపులూ మొదలవుతాయి. బిగపడితే ప్రతిసారీ ఒక్కో తీరుగా కదులుతుంది. "పసిపిల్ల తలకింద చెయ్యి పెట్టినట్టు పట్టుకో" అన్నాను. తర్వాతి అయిదూ రూపాయి బిళ్ల కింద దాగాయి.

నేను తుపాకీకి మార్కులేసేది ఇక్కడే. వేగం చూసి మోసపోకూడదు. అర గ్రాము గుండు సెకనుకు 280 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి దాదాపు 20 జౌళ్లు. మన ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లు దాటినా, గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. పోటీల్లో వాడే రైఫిల్ మాత్రం 175 మీటర్ల వేగంతోనే సరిపెట్టుకుంటుంది. ఎనిమిది జౌళ్లు కూడా ఉండదు. లక్ష్యంలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు! 1984లో ఒలింపిక్స్‌కెక్కిన ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చాడు.

ఇక పరజల్లాంటి నీటిపిట్టల సంగతి. 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది, ఆయుధం ఎయిర్‌గన్ అయినా సరే. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అయింది. చట్టం అలా ఉంచండి. కొల్లేటి ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతు నాలుగైదు కిలోలు తూగుతుంది. ఎనిమిది జౌళ్ల గుండు దాన్ని అక్కడికక్కడే చంపదు. సీసం ఒంట్లో పెట్టుకుని ఎగిరిపోయి, ఏ తుంగలోనో పడి రోజుల తరబడి తీసుకుని తీసుకుని చస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్‌గన్‌లు అప్పగించండని ప్రభుత్వం పిలుపిస్తే జనం వందల కొద్దీ తెచ్చి ఇచ్చేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

మావాడు ఇసుకలోంచి నలిగిన గుళ్లు ఏరి డబ్బాలో వేశాడు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను. బేరం కుదిరింది. తుపాకీతోపాటు రెండు వందల కాగితపు లక్ష్యాలు కూడా కొన్నాం.