పక్క పొలం మందు ఎటు నుంచి వస్తుంది? వెదర్ స్టేషన్ లెక్కతో తేల్చుకుందాం

బార్డర్ పంట నాలుగు వైపులా దట్టంగా వేయడానికి అందరికీ స్థలం, నీళ్లు ఉండవు. ముందు ఏ వైపు వేయాలో గాలిని బట్టి తేల్చుకోవాలి. పొలంలో చిన్న వెదర్ స్టేషన్ ఉంటే ఆ జవాబు దాని డేటాలోనే ఉంటుంది.

పడమర గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. స్టేషన్ కూడా గాలి వచ్చే దిక్కునే చూపిస్తుంది: 0 లేదా 360 ఉత్తరం, 90 తూర్పు, 180 దక్షిణం, 270 పడమర. సెన్సార్ మీది ఉత్తరం గుర్తు నిజంగా ఉత్తరానికే ఉందా చూసుకోండి. చెట్టు, షెడ్డు చాటున ఉంటే లెక్క తప్పుతుంది.

డిగ్రీలకు సగటు మాత్రం తీయొద్దు. ఒకసారి 350, ఒకసారి 10 వచ్చిందనుకోండి. రెండూ ఉత్తరపు గాలులే. సగటు తీస్తే 180, అంటే దక్షిణం! అందుకే దిక్కుల వారీగా లెక్కపెట్టాలి.

1. గాలి వేగం 0 ఉన్న వరసలు తీసేయండి. గాలి ఆగినప్పుడు సూచిక పాత దిక్కునే చూపిస్తూ ఉండొచ్చు.
2. ఎక్సెల్‌లో డిగ్రీని 45తో భాగించి, దగ్గరి అంకెకు రౌండ్ చేయండి. 0 లేదా 8 ఉత్తరం, 1 ఈశాన్యం, 2 తూర్పు, 3 ఆగ్నేయం, 4 దక్షిణం, 5 నైరుతి, 6 పడమర, 7 వాయవ్యం. ఉదాహరణకు 250 అయితే 5.56, అంటే 6, పడమర.
3. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఈ షీట్ వీడియోలో చేసి చూపించాను.

ఏడాది మొత్తాన్ని కలిపేస్తే మనకు కావాల్సింది దొరకదు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఎక్కువగా నైరుతి, పడమర గాలులు; ఆ తర్వాత ఈశాన్యానికి తిరుగుతాయి. కోస్తాలో మధ్యాహ్నం సముద్రపు గాలి వేరు. పక్క రైతు పత్తికి ఆగస్టులో పొద్దున 7 నుంచి 10 వరకు మందు కొడతాడనుకోండి. ఆగస్టు నెలలో ఆ మూడు గంటల వరసలే తీసుకోండి.

దిక్కు తేలాక ఆ గట్టున జొన్న, సజ్జ మూడు నాలుగు వరసలు వేయండి. మందులు కొట్టే నాటికి తలెత్తు ఎదగాలి కాబట్టి ప్రధాన పంటకంటే ముందే విత్తాలి. శాశ్వతంగా అయితే గిరిపుష్పం, అవిశ, సరుగుడు. గోడలా కాకుండా గాలి కొంచెం దూరేలా ఉండాలి.

ఆ లెక్క పక్క రైతుకి కూడా చూపించండి. "గాలి ఇటు తిరిగినప్పుడు కాస్త ఆగి కొట్టు బావా" అని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.