నల్లనది ఒడ్డున మనౌస్

అట్లాంటిక్ సముద్రం వదిలి అమెజాన్‌లోకి మళ్లిన ఓడ దాదాపు 1,500 కిలోమీటర్లు ఎదురు ప్రవాహంలో నడిస్తే మనౌస్ వస్తుంది. బ్రెజిల్‌లో అమెజానాస్ రాష్ట్రానికి ఇది రాజధాని. 2022 జనాభా లెక్కల ప్రకారం 20 లక్షల మందికి పైగా ఉన్నారు. ఎటు చూసినా అడవే. అయినా మహాసముద్రాలు దాటే కంటైనర్ ఓడలు నేరుగా ఊరి రేవుకే వచ్చి ఆగుతాయి. అలాంటి ఓడల్లో మెరైన్ ఇంజనీరుగా పనిచేసిన విశాఖపట్నం వాణ్ణి నేను. ఉద్యోగంలో ఎన్నో రేవులు చూశాను. ఎందుకుందో, ఎలా బతుకుతోందో తెలుసుకుందామని పుస్తకాలు కొనుక్కుని చదివింది మాత్రం ఈ ఒక్క ఊరి గురించే.

ఇంజన్ రూములో ఉన్నవాడికి నది తన సంగతి తానే చెబుతుంది. ఇంజన్ చల్లబడడానికి ఓడ బయటి నీటిని లోపలికి లాగుతాం. అమెజాన్‌లోకి రాగానే ఆ నీటితోపాటు ఒండ్రుమట్టి, ఆకులు, పుల్లలు వచ్చి స్ట్రైనర్లు, అంటే నీటిని వడకట్టే జల్లెడలు, పూడుకుపోతాయి. విప్పడం, కడగడం, బిగించడం, మళ్లీ విప్పడం. పైగా ఉప్పునీళ్లలో కంటే మంచినీళ్లలో ఓడ కాస్త ఎక్కువ మునుగుతుంది. నది ముఖద్వారంలో మేటల మీద లోతు తక్కువ కాబట్టి, ఆ మునకను లెక్కగట్టి గానీ సరుకు ఎక్కించరు. మకాపా ఊరి దగ్గర స్థానిక పైలట్లు ఎక్కుతారు. ఈ నదిలో మేటలు ఏటేటా చోటు మారుతుంటాయి. నిరుటి దారి ఈ ఏడు ఉండకపోవచ్చు. కాబట్టి చార్టు కన్నా ఆ పైలట్ల కళ్లే నమ్మకం.

మనౌస్ ఇంకాస్త దూరం ఉందనగా నీటి రంగు మారుతుంది. పడమటి నుంచి సోలిమోయిస్, వాయవ్యం నుంచి రియో నెగ్రో వచ్చి ఇక్కడ కలుస్తాయి. పెరూ సరిహద్దు నుంచి మనౌస్ దాకా అమెజాన్‌ను బ్రెజిల్ వాళ్లు సోలిమోయిస్ అనే అంటారు. అది ఆండీస్ కొండల మట్టిని మోసుకొచ్చే గోధుమరంగు నది. నెగ్రో నీళ్లు కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి. ఇసుక నేలల మీద కుళ్లిన ఆకుల సారం దిగి నీళ్లు అలా నల్లబడతాయి. వాటిలో ఆమ్లగుణం ఎక్కువ, మట్టి చాలా తక్కువ. దోమలు కూడా ఆ ఒడ్డున పెద్దగా పెరగవు. రెండు నదులూ కలిశాక ఆరు కిలోమీటర్లకు పైగా పక్కపక్కనే, కలవకుండా సాగుతాయి. నెగ్రో నీరు 28 డిగ్రీల వేడితో గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున నింపాదిగా కదులుతుంది. సోలిమోయిస్ నీరు 22 డిగ్రీల చల్లదనంతో, అంతకు రెండు మూడు రెట్ల వేగంతో వస్తుంది. వేడి, వేగం, సాంద్రత వేరు కావడంతో మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. నెగ్రోలోకి తిరిగాక మా స్ట్రైనర్లకు కొంత ఊపిరి ఆడేది.

ఊరు ఈ సంగమంలో కాకుండా నెగ్రో ఉత్తరపు ఒడ్డున కాస్త పైకి ఉండడానికి కారణం ఉంది. అక్కడ గట్టు ఎత్తు, నేల గట్టి. 1669లో పోర్చుగీసు వాళ్లు అక్కడ ఒక చిన్న కోట కట్టారు. స్పెయిన్, డచ్చి వాళ్లు నదిలోకి చొరబడకుండా చూడడం ఒక పని. అడవిలోంచి ఆదివాసుల్ని పట్టి తెచ్చి బానిసలుగా అమ్మడం రెండో పని. నెగ్రో నది పొడవునా ఉండే మనావో తెగ దీన్ని ఎదిరించింది. వాళ్ల నాయకుడు అజురికాబా 1720లలో చుట్టుపక్కల తెగల్ని కూడగట్టి పోర్చుగీసు పడవల్ని ముప్పుతిప్పలు పెట్టాడు. 1727లో పట్టుబడ్డాడు. సంకెళ్లతో బెలేమ్ పట్టణానికి తీసుకుపోతుంటే పడవలోంచి నదిలోకి దూకి ప్రాణం వదిలాడు. ఆ తెగ తుడిచిపెట్టుకుపోయింది. శతాబ్దం గడిచాక ఊరికి వాళ్ల పేరే పెట్టుకున్నారు. మనౌస్ చరిత్ర రబ్బరుతో మొదలైందని రాసేవాళ్లంటే నాకు కోపం. దాని మొదటి పేజీ అజురికాబాది.

రబ్బరు చెట్టు ఈ అడవిదే. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు ఎండకు కరగదు, చలికి పగలదు అని 1839లో గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. అమెజాన్‌లోకి విదేశీ ఓడల్ని రానివ్వాలని బ్రెజిల్ 1866లోనే నిర్ణయించింది. ఇక కావలసింది పనివాళ్లు. వాళ్లను కరువు పంపింది. 1877లో బ్రెజిల్ ఈశాన్యాన సియరా ప్రాంతంలో వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. అదే కాలంలో మన రాయలసీమ ధాత కరువులో మాడిపోతోంది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో, ఆ ఏళ్లలో ఈ రెండు చోట్లా వానల్ని ఒకేసారి ఎగ్గొట్టిందని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆకలితో సియరా నుంచి కదిలిన వేలమంది పడవలెక్కి అమెజాన్ అడవుల్లో తేలారు.

వాళ్ల రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. తలకు దీపం కట్టుకుని, అడవిలో దూరదూరంగా ఉన్న రబ్బరు చెట్ల మధ్య కాలిబాట పట్టి తిరగాలి. బెరడు గీసి, కింద రేకు గిన్నె పెట్టాలి. మళ్లీ అదే బాటన తిరిగి పాలు పోగుచేయాలి. మధ్యాహ్నం తాటిజాతి కాయల పొగ మీద కర్రకు ఆ పాలు పొరలుపొరలుగా పోసి ఉండ కట్టాలి. కత్తి, తుపాకి, కర్రపెండలం పిండి అన్నీ యజమాని కొట్లోంచే, అదీ అప్పు మీదే. ధర అతను చెప్పిందే, రబ్బరు తూకం అతను వేసిందే. అప్పు తీరకుండా అడవి దాటకూడదు, అది తీరేదీ కాదు. పుటుమాయో నది మీద ఒక రబ్బరు కంపెనీ మనుషులు ఆదివాసుల్ని కొరడాలతో, తుపాకులతో చంపిన తీరును బ్రిటిష్ దౌత్యాధికారి రోజర్ కేస్‌మెంట్ విచారించి బయటపెట్టాడు. 1912లో ఆ నివేదిక అచ్చయింది.

ఈ రబ్బరు డబ్బులో చాలా భాగం మనౌస్ మీదుగా పోయేది. 1890లలో గవర్నరు ఎడ్వార్డో రిబెయిరో ఊళ్లోని వాగుల్ని పూడ్పించి వెడల్పైన వీధులు వేయించాడు. శతాబ్దం మారేసరికి కరెంటు దీపాలు, ట్రాములు వచ్చేశాయి. 1896 డిసెంబరు 31న అమెజానాస్ థియేటర్ ప్రారంభమైంది. కరారా పాలరాయి, మురానో గాజు దీపాలు, గోపురం మీద బ్రెజిల్ జెండా రంగుల్లో 36,000 పెంకులు. సముద్రం దాటి వచ్చిన ఈ సామాను అంతా నది మీదుగానే పైకి చేరింది. చాలా అందమైన కట్టడం, కాదనను. దాని సీట్లు మాత్రం 701. అడవిలో చెట్లు గీసినవాడికి అందులో ఒక్కటీ దక్కలేదు. పర్యాటకులకు పంచే కాగితాల్లో గోపురం బొమ్మ ఉంటుంది, రబ్బరు కార్మికుడి బొమ్మ ఉండదు. ఇది నాకు న్యాయంగా కనిపించదు.

ఈ వైభవం కూలిపోవడానికి కావలసిన బీజం అప్పటికే ఊరు దాటిపోయింది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు తపజోస్ నది ఒడ్డున దాదాపు 70,000 రబ్బరు గింజలు సేకరించి లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. మొలిచినవి 2,700 దాకా. ఆ మొక్కలు సిలోన్‌కు, సింగపూర్‌కు, అక్కడి నుంచి మలయాకు వెళ్లాయి. అమెజాన్‌లో రబ్బరు చెట్టును వరసగా నాటితే ఒక రకం ఆకు తెగులు ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు పాకి తోటంతా చంపేస్తుంది. హెన్రీ ఫోర్డ్ 1928లో తపజోస్ ఒడ్డున ఫోర్డ్‌లాండియా తోట మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నది ముఖ్యంగా దాని వల్లే. ఆసియాకు ఆ తెగులు రాలేదు. చెట్లు వరసల్లో నిలిచాయి, కూలీలు దొరికారు. 1910లో ఆకాశంలో ఉన్న రబ్బరు ధర ఆ తర్వాత పడిపోయింది. 1913 నాటికి ఆసియా తోటల రబ్బరు అడవి రబ్బరును దాటేసింది.

ఆ కూలీల్లో మా ఇంటి మనిషి ఉన్నాడు. మా నాయనమ్మ వాళ్ల అన్నయ్య టెక్కలి ప్రాంతం నుంచి మలయాలోని పేరాక్‌కు రబ్బరు తోట పనికి పోయి, ఇక తిరిగి రాలేదు. తెలుగువాళ్లు వేలమంది అలా వెళ్లారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇవాళ మలేసియా పౌరులు. “తెల్లారకుండా లేచి చెట్టు గీయాలట, ఎండెక్కితే పాలు కారవట” అని నాయనమ్మ చెప్పేది. మనౌస్ మ్యూజియంలో రబ్బరు గీసే కత్తి చూసినప్పుడు ఆ మాట చెవిలో పడినట్టయింది. ఒక ఊరి సిరి ఆగిపోయినచోట మా వాడికి కూలి దొరికింది. ఆ కూలితో ఆయన బాగుపడ్డాడని మాత్రం నాయనమ్మ ఎన్నడూ అనలేదు.

తర్వాత యాభై ఏళ్లకు పైగా మనౌస్‌కు చిక్కిన రోజులు. అడవి నుంచి తిరిగొచ్చిన పేదలు రేవు ముందు దుంగల తెప్పల మీద ఇళ్లు కట్టుకుంటే, అదే ఒక తేలే పేట అయింది. 1960లలో దాన్ని తొలగించారు. 1967 ఫిబ్రవరిలో సైనిక ప్రభుత్వం ఊరిని పన్ను రాయితీల ప్రాంతంగా ప్రకటించడంతో కార్ఖానాలు వచ్చాయి. బ్రెజిల్‌లో తిరిగే మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఇప్పుడు ఇక్కడ బిగించినవే. టీవీలు, ఏసీలు కూడా. 1970లో మూడు లక్షలున్న జనాభా ఏడు రెట్లకు చేరువైంది. అడవి నరక్కుండానే బతుకుతెరువు దొరికిందన్న వాదనలో నిజం ఉంది. కానీ ఊరికి కావలసిన కరెంటు కోసం 1980ల చివర్లో కట్టిన బాల్బీనా డ్యామ్ రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ముంచింది. ఇచ్చేది 250 మెగావాట్లు. ఇంజనీరుగా చెబుతున్నాను, ఇంత చెడ్డ బేరం నేనెక్కడా చూడలేదు.

ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చింది తేలే రేవు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ కంపెనీ కట్టింది. ఇక్కడ నది ఏటా సగటున పది మీటర్లు పెరిగి తగ్గుతుంది. జూన్‌లో నిండుతుంది, అక్టోబరు నవంబరుల్లో అడుగంటుతుంది. గట్టుకు బిగించిన రేవు పనికిరాదు కాబట్టి నీటితో లేచి నీటితో దిగే రేవు కట్టారు. ఆ పక్కనే గోడ మీద ఏ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీతలు ఉన్నాయి. 1902 నుంచి కొలతలు రాసిపెడుతున్నారు. ఈ ఊరి అసలు చరిత్ర ఆ లెక్కల్లోనే ఉందని నా నమ్మకం.

ఆ లెక్కలు ఇప్పుడు భయపెడుతున్నాయి. 2021 జూన్‌లో 30.02 మీటర్లు, కొలవడం మొదలయ్యాక అంత ఎత్తు ఎన్నడూ లేదు. పాత కస్టమ్స్ భవనం దగ్గర వీధుల్లో నీళ్లు నిలిచి, జనం చెక్కల వంతెనల మీద నడిచారు. 2023 అక్టోబరులో 12.70 మీటర్లకు పడిపోయి అత్యల్పం అయింది. ఏడాది తిరగకుండానే 2024 అక్టోబరులో 12.11కి దిగి ఆ రికార్డునూ చెరిపేసింది. సంగమం దగ్గర పొంటా దాస్ లాజెస్ బండల మీద వెయ్యేళ్లకు పైబడిన మనిషి ముఖాల చెక్కుళ్లు నీళ్లలోంచి బయటపడ్డాయి. పెద్ద ఓడలు మనౌస్ దాకా రాలేక, కిందనున్న ఇటాకోచియారా దగ్గర తాత్కాలిక రేవు పెట్టి బార్జిల్లోకి సరుకు దించారు. నది పక్కపాయల మీద ఉన్న పల్లెలకు పడవే బస్సు, పడవే అంబులెన్సు. పాయ ఎండితే తాగునీళ్లూ మందులూ కూడా ఆగిపోతాయి.

అందుకే మనౌస్ నుంచి పోర్టో వెల్యో నగరానికి పోయే దాదాపు 880 కిలోమీటర్ల బీఆర్-319 రోడ్డును పూర్తిగా తారు వేయించమని వ్యాపారులు గట్టిగా అడుగుతున్నారు. 1976లో తెరిచిన ఆ రోడ్డు పదేళ్లు దాటేసరికి బురదపాలైంది. అమెజాన్‌లో రోడ్డు వేసిన దాదాపు ప్రతిచోటా దాని వెంట నరుకుడు పాకింది. అడవి పోతే వాన తగ్గుతుంది, వాన తగ్గితే ఈ నది ఇంకా దిగుతుంది. నది ఎండుతోందని అడవిలోంచి రోడ్డు వేయడం జబ్బును పెంచే మందని నా అభిప్రాయం.

మనౌస్ వెళ్లే వీలున్నవాళ్లకు ఒక మాట. థియేటర్ తప్పక చూడండి, ఒక పూట చాలు. మిగతా సమయం అడోల్ఫో లిస్బోవా మార్కెట్లో, రేవులో గడపండి. ఉయ్యాల మంచాలు వేలాడే ప్రయాణికుల పడవలు అక్కడే ఆగుతాయి. ఈ ఏడు నీళ్లు ఎలా ఉన్నాయని ఒక పడవవాణ్ణి అడగండి, తీరిగ్గా కూర్చుని చెబుతాడు.